రెండో బంతి చేపలు

మా ఓనరు గారికి ఏ సంగతైనా రెండు ముక్కల్లో చెప్పాలి. మూడో ముక్క మొదలయ్యేసరికి ఫోను తీసి చెవికి ఆనించుకుంటారు, అవతల ఎవరూ లేకపోయినా సరే. నేను చేసే పని రెండు ముక్కల్లో ఇమడదు. అందుకే, చేపపిల్లల్ని పెంచి అమ్మే ఆయన హేచరీలో నా ల్యాబు ఏడాదిగా రేపో మాపో ఖాళీ చేయాల్సిన గదిలాగే బతుకుతోంది.

ల్యాబంటే ఏదో ఊహించుకునేరు! మందుల డ్రమ్ములు పెట్టుకునే స్టోరు రూము అది. డ్రమ్ములు బయటికి పోయాయి గానీ వాసన పోలేదు. ఒక ఇంక్యుబేటరు, ఒక మైక్రోస్కోపు, సీసాలు ఉడకబెట్టడానికి ఇంట్లోంచి ఎత్తుకొచ్చిన ప్రెషర్ కుక్కరు, ఒక కాలు పొట్టిగా ఉన్న స్టూలు. ఆ కాలి కింద నేను పెట్టిన అట్టముక్క నేను చూడనప్పుడల్లా జారిపోతుంది. ఆ స్టూలు మీద కూర్చునే నేను చేప పేగుల్లో బాక్టీరియా వెతుకుతుంటాను. హేచరీలో నన్ను పురుగులమ్మ అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఫోనెత్తి నేనే "పురుగులమ్మని మాట్లాడుతున్నా" అంటున్నాను.

సంగతేమిటంటే, మా దగ్గర ప్రతి బ్యాచీలోనూ పిల్లలు వేలెడంత అయ్యేసరికి ఒక జబ్బు తగులుతుంది. పొట్ట ఉబ్బుతుంది, వెనక తెల్లటి దారంలాంటిది వేలాడుతుంది, మేతకు పైకి రావు, ఆ తర్వాత చచ్చి తేలతాయి. కానీ ఏ తొట్టిలో చూసినా, అదే నీళ్ళలో ఉండి, అదే మేత తిని, పిసరంత కూడా జబ్బు పడనివి కొన్ని ఉంటాయి. అవి ఎందుకు పడవు? ఆ ప్రశ్నే నా ఉద్యోగం. అలాంటి చేపల్ని కోసి, పేగు లోపలి జిగురు గీకి, బాక్టీరియా పెంచే గాజు ప్లేట్ల మీద పూసి, పెరిగిన బాక్టీరియాల్ని ఒక్కొక్కటిగా ఆ జబ్బు క్రిమి పక్కన పెట్టి చూశాను. చాలావాటిని క్రిమి తొక్కుకుంటూ పోయింది. ఒక్కటి మాత్రం తన చుట్టూ క్రిమిని రానివ్వకుండా గుండ్రంగా ఖాళీ జాగా చేసుకుని దర్జాగా కూర్చుంది. అంచులు ముడతలు పడి, లేత నారింజ రంగులో, ఎక్కడ కనబడినా గుర్తుపట్టేలా ఉంటుంది. దాన్ని సీసాల్లో పెంచి, కాస్త నూనెతో కలిపి మేత మీద చల్లి, నీడన ఆరబెట్టి చేపలకు పెట్టాలి. మంచి పేగులో ఉన్నదాన్ని తెచ్చి మిగతా పేగుల్లో కాపురం పెట్టించడమన్నమాట. ప్రోబయోటిక్ అంటారు. దీన్ని రెండు ముక్కల్లో ఎవరైనా చెప్పగలరా?

మా అత్త చెప్పింది. "ఓస్, పాలకి తోడెయ్యడమేగా!" అని, నా చదువంతా ఆ ఒక్క మాటతో తేల్చిపారేసి, పొయ్యి మీద గిన్నె దించుకోవడానికి వెళ్ళిపోయింది.

అత్తంటే మా నాన్న చెల్లెలు. ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. చాలా ఏళ్ళు ఒక కాలేజీ హాస్టలు మెస్సులో వడ్డించింది. హాస్టలు మూతబడ్డాక చేతికి పని లేక నా ప్రాణం తీస్తుంటే, ఓనరు గారిని బతిమాలి తొట్ల షెడ్డులో మేత వేసే పని ఇప్పించాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. పని మాత్రం బంగారంలా చేస్తుంది, కాదనను. ప్రతి తొట్టి దగ్గరా ఆగి, "రండి రండి, మెల్లగా, తోసుకోకండమ్మా, అందరికీ ఉంది" అంటూ మేత చల్లుతుంది. మూలన నక్కినదాన్ని బతిమాలుతుంది. ఎగబడి తినేదాన్ని పేరు పేరునా తిడుతుంది. చేపలకు పేర్లుండవు కాబట్టి అప్పటికప్పుడు పెడుతుంది.

ఇక మిగిలింది ఓనరు గారి బామ్మర్ది. ఆయన యాంటీబయాటిక్ మందులు అమ్ముతాడు. నా గదిలోంచి బయటికి పోయిన డ్రమ్ములు ఆయనవే. ఒకప్పుడు ఆ మందు ఒక గరిటెడు వేస్తే జబ్బు తగ్గేదట. తర్వాత రెండు గరిటెలు పట్టాయి. ఇప్పుడు ఎన్ని వేసినా క్రిమి లెక్కచేయడం లేదు. "తగ్గకపోతే ఇంకో రెండు గరిటెలు వెయ్యండి బావా!" అంటాడు. ఆయన వైద్యమంతా అంతే.

"అమ్మా, ఈ బ్యాచీతో తేల్చెయ్యి," అన్నారు ఓనరు గారు ఒకరోజు. "నీ పురుగు పనిచేస్తే ల్యాబు ఉంటుంది. లేదంటే గది మావాడికి. రెండు ముక్కలు."

సరే, తేల్చేద్దామనే మొదలుపెట్టాను. షెడ్డులో ఎనిమిది గుండ్రటి తొట్లు. నాలుగింటికి నా బాక్టీరియా చల్లిన మేత. మిగతా నాలుగింటికి ఉత్త నూనె చల్లిన మేత. చూడ్డానికి రెండూ ఒకటే. బకెట్లకు మాత్రం మొదటిదానికి నీలం మూత, రెండోదానికి ఎర్ర మూత. ఏ మూత ఏదో నేను ఎవరికీ చెప్పలేదు, అత్తకు అసలే చెప్పలేదు. "ఈ మూత ఈ తొట్లకి, ఆ మూత ఆ తొట్లకి, అంతే అత్తా, ఇంకేం అడక్కు" అన్నాను. ఆవిడ తలూపింది. ఆ తల ఊపడం చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. నా అంత తెలివితక్కువది ఇంకెవరైనా ఉంటారా?

జబ్బు రావలసిన సమయానికి వచ్చింది. ఎనిమిది తొట్లలోనూ కాస్త కాస్త వచ్చింది. అన్నిట్లోనూ కొన్ని దారాలు వేలాడాయి, అన్నిట్లోనూ కొన్ని తేలాయి, అన్నీ సర్దుకున్నాయి. నీలానికీ ఎరుపుకీ వెంట్రుకవాసి తేడా లేదు.

ఓనరు గారు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ తెల్ల బూట్లు వేసుకుంటారు. షెడ్డు నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అందుకని ఆయన తన చేపల్ని గుమ్మం ఇవతల నుంచి చూసుకోవడమే గానీ లోపల అడుగు పెట్టింది లేదు.

"తేడా ఏదమ్మా?"

"లేదు సార్. కానీ ఎందుకు లేదో నాకు..."

"ఈసారి చల్లగా ఉంది కదా బావా, జబ్బే సరిగ్గా రాలేదు," అన్నాడు పక్కనుంచి బామ్మర్ది.

"అంటే నీ పురుగు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. రెండు ముక్కలు," అని ఓనరు గారు ఫోను చెవిన పెట్టుకున్నారు. వారంలో గది ఖాళీ చేయాలన్నమాట.

చేసేదేమీ లేక ఎర్ర మూత తొట్లలోంచి కొన్ని చేపల్ని తెచ్చి కోశాను. పేగు జిగురు ప్లేట్ల మీద పూసి ఇంక్యుబేటర్లో పెట్టాను. మర్నాడు మూత తీసి చూస్తే, ప్రతి ప్లేటు మీదా ముడతల అంచులతో, లేత నారింజ రంగులో, దర్జాగా కూర్చుని ఉంది నా పురుగు! ఒక్కసారి కూడా దాన్ని తినని చేపల కడుపుల్లో!

ఆ రోజు నేను తిట్టని మనిషి లేడు. వలలు కలిపేశారని తొట్లు కడిగేవాళ్ళ మీద పడ్డాను. పైపులు మార్చేశారని మోటారు చూసేవాడి మీద పడ్డాను. వాళ్ళు పాపం నెత్తీ నోరూ కొట్టుకుని మాకేం తెలియదన్నారు. సాయంత్రం ఇంటికి వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డాను. అత్త కూరగాయలు తరుగుతోంది.

"ఎర్ర మూత తొట్లలోకి నా పురుగు ఎలా వెళ్ళిందో అర్థం కాక చస్తున్నా అత్తా. ఎవరైనా వల మార్చడం నువ్వేమైనా చూశావా?"

"వలలెవరు మారుస్తారు? నేనే పెట్టాను."

"ఏం పెట్టావు?"

"మేత. రెండు బకెట్లూ పెద్ద టబ్బులో గుమ్మరించి, బాగా కలిపి, అందరికీ సమానంగా పెట్టా." కత్తి ఆగలేదు. "నీలం మూతదాంట్లో పులిసిన వాసనొస్తోంది. ఎర్ర మూతదాంట్లో రావట్లేదు. అంటే వీళ్ళకి తోడు వేశావు, వాళ్ళకి వెయ్యలేదు. పని తొందర్లో మర్చిపోయావేమో అనుకున్నా మొదటి రోజు."

"మరి రెండో రోజు?"

"రెండో రోజుకి నువ్వు కావాలనే వెయ్యట్లేదని అర్థమైంది. అందుకే నీకు చెప్పలేదు."

నేను ఏమేం అన్నానో అదంతా ఇక్కడ రాయను. గొంతు మాత్రం పక్కింటివాళ్ళు కిటికీ తెరిచేంత లేచింది. కొన్నిటికి పెట్టకపోతేనే కదా, పెట్టినవాటికి మేలు జరిగిందో లేదో తెలిసేది అని చెప్పాను. పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాను. బల్ల గుద్ది చెప్పాను, బతిమాలి చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"అన్నేళ్ళు గరిట పట్టాను," అంది అత్త. "నచ్చినవాడికి ఓ ముక్క ఎక్కువా, నచ్చనివాడికి ఓ ముక్క తక్కువా ఏనాడూ వడ్డించలేదు. ఇప్పుడు నీకోసం పంక్తిభేదం చెయ్యమంటావా?"

"అవి చేపలు అత్తా!"

"చేపలకి కడుపుండదా? నువ్వు పొద్దున్నుంచీ కోసి చూసేది ఆ కడుపులే కదే!"

మర్నాడు ఓనరు గారి దగ్గరికి వెళ్ళాను. మేతలు పొరపాటున కలిసిపోయాయి సార్, అందుకే తేడా లేదు, ఇంకొక్క అవకాశం ఇవ్వండి అన్నాను. ఎవరు కలిపారని ఆయన అడిగితే నేను నీళ్ళు నమిలాను. అత్త ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది.

"నేనే కలిపాను బాబూ. కొందరికి పెట్టి కొందరికి మానడం నావల్ల కాదు."

బామ్మర్ది పగలబడి నవ్వాడు. ఓనరు గారు నవ్వలేదు. ఆయన ఎంత రెండు ముక్కల మనిషైనా, ఏ బ్యాచీలో ఎన్ని చేపలు పోయాయో ఆయనకు తెలుసు. ఈ బ్యాచీలో ఎప్పుడూ లేనంత తక్కువ పోయాయి.

"ఇంకొక్క బ్యాచీ," అన్నారు. "ఈసారి కలిస్తే ఇద్దరూ ఇంటికే. రెండు ముక్కలు."

బామ్మర్ది మాత్రం ఆ సాయంత్రమే నాలుగు డ్రమ్ములు తెచ్చి నా ల్యాబు ముందు వరండాలో దింపించాడు. "ఎలాగూ లోపలికి రావాల్సినవే కదా మేడమ్, దగ్గర్లో ఉంటే మంచిది" అన్నాడు. గదిలోకి వెళ్ళాలన్నా రావాలన్నా ఆ డ్రమ్ముల మధ్య పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది.

ఇప్పుడు వినండి నా కష్టం. నా పురుగుని పెంచే సీసాలు ముట్టుకున్న చేతులతో నేను ఎర్ర మూత తొట్ల దగ్గరికి వెళ్ళకూడదు. ఎంత రుద్ది కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఎంతో కొంత ఉంటుంది. నా చున్నీకి, నా జుట్టుకి, అంతటా అదే పురుగు. కాబట్టి ఎర్ర తొట్లకు మేత వేయాల్సింది సీసాల జోలికి రాని మనిషి. ఉన్న పనివాళ్ళలో ఒకడు ఎడమచేత్తో ఫోను చూస్తూ కుడిచేత్తో మేత వేస్తాడు. ఇంకొకడికి తను ఏ తొట్టికి వేశాడో తనకే గుర్తుండదు. శుభ్రంగా, వేళ తప్పకుండా వేసే మనిషి షెడ్డు మొత్తానికి ఒక్కత్తే ఉంది. నా కొంప ముంచింది కూడా ఆవిడే.

"నేను వెయ్యను," అంది అత్త. "కావాలంటే ఎనిమిదింటికీ వేస్తా. నాలుగింటికి ఎగ్గొట్టమంటే నా చెయ్యి ఆడదు."

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఎగ్గొట్టడం కాదు అత్తా, ఆలస్యం! రెండో బంతి అనుకో! నీ హాస్టల్లో అందరూ ఒకేసారి కూర్చునేవాళ్ళా? చోటు చాలక కొందరు ఆగి, మొదటి బంతి లేచాక కూర్చునేవాళ్ళు కాదా? అప్పుడు నీకు పంక్తిభేదం గుర్తు రాలేదా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. వాటికి వడ్డించేది నువ్వేగా!"

నోటికొచ్చింది అనేశాను, అంతే. ఆవిడ నోరు మూయించడానికి అన్న మాట అది. అత్త మాత్రం చేతిలో పని ఆపి నన్నే చూస్తూ ఆలోచించింది.

"రెండో బంతి ఎప్పుడు?"

"ఆఁ?"

"రెండో బంతి అన్నావుగా. ఎప్పుడు కూర్చోబెడతావు?"

"జబ్బు వచ్చి తేడా కనబడ్డాక. వచ్చిన తర్వాతి సోమవారం పొద్దున. చాలా?"

"నా మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్టు! ఒట్టు! నన్ను వదులు!"

ఇక చూడాలి ఆవిడ నిష్ఠ. ఎర్ర తొట్లకు వేరే మగ్గు, వేరే వల, వేరే చెప్పులు. ముందు ఎర్ర తొట్లకు వేసి, తర్వాతే నీలం తొట్ల వైపు వెళ్ళేది. ఒకరోజు నేను మాటల్లో పడి ఎర్ర తొట్టి అంచు మీద చెయ్యి వేయబోతే, వల కర్రతో నా చేతి మీద ఒక్కటిచ్చింది. "అంటుకోకు! నువ్వే చెప్పావు!" అని అందరిముందూ అరిచింది. మోటారు చూసేవాడు నవ్వలేక చచ్చాడు.

జబ్బు వచ్చింది. ఈసారి చల్లదనమూ లేదు, కలపడమూ లేదు. నీలం తొట్లలో మగ్గు చప్పుడు వింటే చాలు, నీళ్ళు ఉడికినట్టు పైకి వచ్చేస్తున్నాయి. ఎర్ర తొట్లలో పొట్టలు ఉబ్బాయి, దారాలు వేలాడాయి, సగం చేపలు అడుగునే ఉండిపోయాయి. నేను లోలోపల గంతులు వేశాను. ఏడాదిగా నేను నెత్తీ నోరూ కొట్టుకుంటున్నది కళ్ళముందు జరుగుతోంది కదా మరి.

అత్త మాత్రం రోజూ పొద్దున ఎర్ర తొట్లలో తేలినవాటిని వలతో తీసేది. అప్పుడు పేర్లు పెట్టడం మానేసింది. మేత చల్లుతూ, "ఇంకొంచెం ఓపిక పట్టండమ్మా, మీ బంతి వస్తోంది" అని మాత్రం అనేది. ఇంట్లో నాతో మాటలు తగ్గించేసింది. రోజూ ఒకటే ప్రశ్న, "ఇవాళ ఏ వారం?" అని. గోడకు క్యాలెండరు ఉంది. ఆవిడకు చదవడమూ వచ్చు. నన్ను చంపుకు తినడానికే అడిగేది.

ఆదివారం సాయంత్రం బావా బామ్మర్దులిద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను తేడా చూపించాను. ఓనరు గారు మెడ చాపి చూశారు. ఆయన ముఖంలో ఏదో కదిలింది.

"ఇదేం తేడా బావా?" అన్నాడు బామ్మర్ది. "అక్కడ కొన్ని ఎక్కువ పోయాయి, ఇక్కడ కొన్ని తక్కువ పోయాయి. ఇంకో వారం చూడండి. ఎర్ర తొట్లు మొత్తం పడిపోతే అప్పుడు నేనూ నమ్ముతా. ఈ మాత్రానికి నమ్మితే నలుగురూ నవ్వరూ?"

ఓనరు గారు గంగిరెద్దులా తలూపారు. "ఇంకో వారం ఆగమ్మా. ఎలాగూ పోయేవే. మొత్తం పోతే ఇంకెవరూ నోరెత్తరు. నీ ల్యాబుకీ ఢోకా ఉండదు. రెండు ముక్కలు."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. ఇంకో వారం ఆగితే తేడా కొండంత అవుతుంది. ఇక ఎవడూ కాదనలేడు. ఎర్ర తొట్లు పోతే పోతాయి, నా గది నాకు మిగులుతుంది. దారి పొడుగునా అత్తకు ఎలా చెప్పాలా అని లెక్కలు కట్టుకుంటూ ఇంటికి వచ్చాను. గుమ్మంలోనే చెప్పేశాను, తిడితే తిట్టిందని.

తిట్టలేదు. చేతులు తుడుచుకుని కూర్చుంది.

"హాస్టల్లో ఒక్కోసారి రెండో బంతికి తిండి చాలేది కాదు," అంది. "చుట్టాలో ఎవరో వచ్చేవాళ్ళు, అయిపోయేది. అప్పుడు కూడా మళ్ళీ పొయ్యి వెలిగించి, అయ్యేదాకా ఆ పిల్లలతో కబుర్లు చెప్పి కూర్చోబెట్టేదాన్నే గానీ, లేదు పొమ్మని ఏనాడూ అనలేదు. అప్పుడు గిన్నెలో లేక ఆలస్యం. ఇప్పుడు నీ బకెట్టు నిండా ఉంది. నాకు అదే అర్థం కావట్లేదే."

"నా ఉద్యోగం పోతుంది అత్తా!"

"పోతుందేమో. నేను ముట్టుకోనులే, భయపడకు. ఈసారి కలపను. ఒట్టు వేసింది నువ్వు, నువ్వు చెబితేనే వడ్డిస్తా."

అదే తిట్టి ఉంటే, ఏడ్చి ఉంటే, మళ్ళీ దొంగచాటుగా కలిపేసి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది! నేను కూడా నాలుగు అరిచి పడుకునేదాన్ని. తప్పంతా తీసి నా చేతిలో పెట్టి, ఆవిడ మాత్రం హాయిగా పడుకుంది.

సోమవారం పొద్దున షెడ్డుకు వెళ్ళేసరికి ఎర్ర తొట్ల నాలుగింటి ముందూ నాలుగు మగ్గులు తోమి బోర్లించి ఉన్నాయి. అత్త వాటి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. బకెట్టు వైపు చూడడం లేదు. నా వైపూ చూడడం లేదు. తొట్టిలో ఒక చేపపిల్ల పక్కకు వాలి, తెల్లటి దారం ఈడ్చుకుంటూ, అంచు దగ్గరికి వచ్చి నోరు తెరుస్తోంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తడి నేల మీద అడుగు పెట్టని ఆ తెల్ల బూట్ల మీద, ఆ డ్రమ్ముల మీద, ఈవిడ మీద, రెండో బంతి అని వాగిన నా నోటి మీద, పాడు చేప మీద కూడా కోపం వచ్చింది. నీలం మూత లాగి విసిరికొట్టాను. అది దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది.

"వడ్డించు!" అని అరిచాను. "వడ్డించు తల్లీ, నీకు పుణ్యముంటుంది! నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించావు!"

మూత ఎవరి కాళ్ళ దగ్గర ఆగిందో చూస్తే, ఓనరు గారి కాళ్ళ దగ్గర.

"ఆగమన్నానుగా?" అన్నారాయన.

"మాటిచ్చాను సార్."

"ఎవరికి, చేపలకా?"

"కాదు. వడ్డించే మనిషికి."

ఆయన "అయితే గది ఖాళీ చెయ్యి. రెండు ముక్కలు" అని వెళ్ళిపోయారు. అత్త అప్పటికే మొదటి మగ్గు చల్లేసింది.

ఖాళీ చేయడం మొదలుపెట్టాను. ఒక రోజులో అయ్యే పనికి నేను రోజులు తీసుకున్నాను. మధ్యలో షెడ్డు వైపు చూస్తే చావులు ఆగలేదు. తినగలిగినవి తింటున్నాయి, తినలేనివి పోతున్నాయి. గదీ పోయింది, తేడా కూడా కలిసిపోయింది, బూడిదలో పోసిన పన్నీరైంది అని తిట్టుకుంటూ ప్రెషర్ కుక్కరు గుడ్డలో చుట్టాను. బామ్మర్ది మనుషులు వచ్చి తలుపు వెడల్పు కొలుచుకుపోయారు.

శుక్రవారం పొద్దున ఓనరు గారు తాళంచెవి తీసుకోవడానికి వచ్చారు. నేను అట్టపెట్టె ఎత్తుకుని వరండాలోకి వచ్చేసరికి ఆయన ల్యాబు వైపు రాకుండా షెడ్డు గుమ్మంలో ఆగిపోయి ఉన్నారు. లోపల అత్త మేత వేస్తోంది. "మెల్లగా, మెల్లగా, తోసుకోకండి" అని అరుస్తోంది. మగ్గు చప్పుడుకు ఎనిమిది తొట్లలోనూ నీళ్ళు ఎగురుతున్నాయి.

"అవి ఎర్ర తొట్లే కదా?" అన్నారు ఓనరు గారు నాతో.

"అవే సార్."

ఆయన తన బూట్లు చూసుకున్నారు. తర్వాత లోపలికి నడిచారు. తడి నేల మీద చపచపమంటూ వెళ్ళి ఎర్ర తొట్టి మీదికి వంగి చూశారు. దారాలు లేవు. పొట్టలు మామూలుగా ఉన్నాయి. పక్క తొట్టి చూశారు. ఇంకో తొట్టి చూశారు.

"డ్రమ్ముల్లోది ఏమైనా కలిపారా?"

"వాటి మూతలు కూడా తియ్యలేదు బాబూ, చూసుకోండి."

"మరి వీటికి ఏం పెట్టావు?"

"ఏముంది? ముందు కూర్చున్నవాళ్ళకి పెట్టిందే పెట్టాను. వీళ్ళకి ఆలస్యంగా పెట్టాం, వీళ్ళు ఆలస్యంగా కోలుకున్నారు."

అవే తొట్లు, అవే నీళ్ళు. పెట్టకముందు ఒక తీరు, పెట్టాక ఒక తీరు. మొత్తం చచ్చి తేలినా ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరికేది కాదు. కానీ నేను నోరు విప్పలేదు. విప్పితే మూడో ముక్క అవుతుందని భయం. ఓనరు గారి ఫోను మోగింది, నిజంగానే మోగింది. ఆయన దాన్ని జేబులోనే నొక్కేసి, తిరిగి వస్తూ నా చేతిలోని అట్టపెట్టె మీద వేలితో కొట్టారు.

"లోపల పెట్టెయ్యి. ఆ డ్రమ్ములు తీసుకెళ్ళమని మావాడికి చెబుతా."

రెండు ముక్కలే. నాకు పెట్టె కింద పెట్టి ఎగరాలనిపించింది. ఆయన అటు వెళ్ళగానే షెడ్డులోకి పరిగెత్తి, గోళ్ళ సందుల్లో ఏముందో కూడా చూసుకోకుండా అత్తను వాటేసుకున్నాను. "గెలిచాం అత్తా! ల్యాబు ఉంటుంది! నీ రెండో బంతే నన్ను కాపాడింది!"

అత్త నన్ను మెల్లగా విడిపించుకుంది. ఆవిడ చేతిలో ఎర్ర తొట్ల వల ఉంది. అందులో ఆ పొద్దున తీసిన చిన్న చేప ఒకటి ఉంది. ఆ తొట్లలో పోయినవాటిలో అదే ఆఖరిది.

"రెండో బంతంటే ఆలస్యమవుతుందని చెప్పావు, సరే," అంది. "వడ్డించేది మనవాళ్ళైతే కడబంతైనా ఒకటేనన్నావు, అదీ సరే. కూర్చోకుండానే కొందరు లేచి వెళ్ళిపోతారని మాత్రం నువ్వు చెప్పలేదే."

ఆవిడ చేతిలోంచి వల తీసుకుని, అందులోని చేపను తీసి, వల కడిగి, మేకుకు తగిలించాను.